ఎగిరే రంపం, తెల్లబడిన వేళ్లు

నా వేలు కాలుతున్న సంగతి నాకంటే ముందు మస్తాన్‌కు తెలిసింది. మార్గశిర మాసం, పొద్దున్నే. బనగానపల్లె అవతల కాపు ఆగిపోయిన మామిడితోటను మేమిద్దరం పెట్రోలు రంపంతో కొడుతున్నాం. మస్తాన్ ఆ పనిలో నా పాలుదారు, నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. ఒక చెట్టు పడగానే నేను మొద్దు మీద కూర్చుని బీడీ ముట్టించాను.

"అన్నా, కమురు వాసన వస్తాంది. నీ వేలు సూసుకో," అన్నాడు.

చూసుకున్నాను. బీడీ కొసదాకా కాలి, చూపుడువేలి పక్కన చర్మం నల్లబడింది. నొప్పి మాత్రం లేదు. రెండు వేళ్లు పై కణుపుల దాకా సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. ఎండలో చేతులు చాపి కూర్చున్నాక మెల్లగా ఎర్రబడ్డాయి. మంట అప్పుడు మొదలైంది.

"చలికి తిమ్మిరెక్కింది లే," అని మస్తాన్‌తో అన్నాను. లోపల అనుకున్నది మాత్రం వేరు. నిప్పు తగిలినా తెలియకపోవడం దేనికి గుర్తో మా వైపు అందరికీ తెలుసు. కుష్టు అని పేరు పలకడానికి కూడా జంకి, పెద్దరోగం అంటారు.

ఆ రోజు నుంచి నేను నా ఇంట్లోనే దొంగలా బతికాను. తిన్న పళ్లెం నేనే కడిగి వేరే గూట్లో పెట్టుకునేవాణ్ణి. చెంబు వేరు, తువ్వాలు వేరు. మూడేళ్ల కూతురు శివమ్మ ఒళ్లోకి ఎక్కబోతే ఏదో పని ఉన్నట్టు లేచిపోయేవాణ్ణి.

"పాపను ఎత్తుకోవేమయ్యా? నీకోసం ఏడుస్తాండాది," అనేది నా భార్య ఈరమ్మ.

"చేతులకు గ్రీజు ఉండాదే," అనేవాణ్ణి.

ఎండాకాలం వచ్చేసరికి వేళ్లు మామూలుగా అయిపోయాయి. దేవుడికి మొక్కిన మొక్కు ఫలించిందని సంబరపడ్డాను. మళ్లీ చలి మొదలయ్యేసరికి రెండు కాదు, రెండు చేతులవీ కలిపి ఏడు వేళ్లు తెల్లబడ్డాయి. ఒకరోజు పొద్దున చొక్కా గుండీ పెట్టుకోలేక తంటాలు పడుతుంటే ఈరమ్మ వచ్చి నా చేతులు పట్టుకుంది. వెనక్కి లాక్కోబోయాను. వదల్లేదు. వేళ్లను చూసింది, గూట్లో విడిగా పెట్టిన పళ్లెం వైపు చూసింది. ఏడాదిగా నేను చేస్తున్నదంతా ఆమెకు ఆ ఒక్క నిమిషంలో అర్థమైంది.

"కర్నూలు పోదాం. అదే అయితే అదే కానీ. తెలుసుకోని బతుకుదాం," అంది.

కర్నూలు అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఊరంతా కట్టడాలే. మేము కోసిన పలకలు కూడా అక్కడికే పోయేవి. ఆసుపత్రిలో డాక్టరు వయసు మళ్లినవాడు. ఒంటి మీద మచ్చలు వెతికాడు, మోచేతుల దగ్గర నరం లావెక్కిందేమో తడిమి చూశాడు, సూదితో వేళ్లు గుచ్చాడు. చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి, ఆ రోగం క్రిములు ఉన్నాయేమో చూడటానికి స్కిన్ స్మియర్ తీశాడు.

"రిపోర్టు వచ్చేదాకా ఏమీ అనుకోవద్దు," అన్నాడు. అనుకోకుండా ఎట్లా ఉంటాం? నాలుగు రోజులు సత్రంలో పడి ఉన్నాం. ఆ నాలుగు రోజులూ శివమ్మను ఎవరింట పెంచాలా అని నేను లోలోపల ఇళ్లు వెతుక్కున్నాను.

స్మియర్ నెగటివ్ అని చెప్పగానే ఈరమ్మ అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చేసింది. నాకు నమ్మకం కుదరలేదు.

"మా ఆడమనిషి ముందర సెప్పలేక అట్ల అంటాండారా సార్?"

డాక్టరుకు కోపం వచ్చింది. "నేను రోగికి అబద్ధం చెప్పను," అంటూ కుండలోని చల్లటి నీళ్లు గిన్నెలో పోయించి నా చేతులు ముంచమన్నాడు. కాసేపటికి మా ముగ్గురి కళ్లెదుటే వేళ్లు ఒక్కొక్కటే తెల్లబడ్డాయి.

"ఏం పని చేస్తావయ్యా?"

"మాన్లు కోస్తాం సార్. పెట్రోలు రంపం ఉండాది."

"చేతిలో బాగా వణుకుతుందా అది?"

"వణికేదేంది సార్, ఎగురుతాది," అన్నాను. ఆ పరిస్థితిలో కూడా నా గొంతులో గొప్ప పోలేదు.

డాక్టరు నవ్వలేదు. "ఆనకట్ట పనిలో రాతికి బెజ్జాలు వేసే డ్రిల్లు పట్టినవాళ్లకు ఇవే వేళ్లు చూశాను. ఇది వైబ్రేషన్ వల్ల వచ్చింది. వేళ్లకు బ్లడ్ సర్క్యులేషన్ ఆగిపోతోంది. ఇది అంటుకునే రోగం కాదు. బిడ్డను ఎత్తుకో," అన్నాడు. ఆ చివరి మాట ఈరమ్మే ఆయన చెవిన వేసి ఉంటుంది.

ఆ రంపం కొన్న వైనం చెప్పాలి. పని ముగిసిన ఒక ఆనకట్ట దగ్గర పాత సామాను వేలం వేస్తున్నారంటే మస్తాన్, నేను పోయాం. రెండు పెట్రోలు రంపాలు ఉన్నాయి. ఒకటి చిన్నది. స్టార్ట్ చేస్తే చేతిలో కుదురుగా నిలిచింది. ఇంకొకటి రెట్టింపు బరువు, మూర పైన పొడవున్న పట్టీ, దాని చుట్టూ గొలుసు. స్టార్ట్ చేయగానే నేల మీద పెట్టింది పెట్టినట్టే గంతులేసింది. "మీరు కొత్తవాళ్లు, చిన్నది తీసుకోండి," అన్నాడు స్టోరు గుమాస్తా. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. మా వైపు పశువుల పరసలో కోడెను బేరం చేసేటప్పుడు మూపురం మీద చెయ్యి వేస్తాం. ఒళ్లు విదిలించి ఎగిరితే చురుకైనది, కదలకుండా నిలబడితే సోమరిది. యంత్రాన్ని కూడా అట్లాగే ఎంచి, ఆ ఎగిరేదాన్నే తీసుకున్నాను. పైగా కోత గుంటలో మాన్లను పలకలుగా కోసే చేతిరంపం లాగడం నాకు నేర్పిన పెద్దాయన, పిడి పట్టు సడలితే వీపు మీద ఒకటి వేసేవాడు. ఆ పట్టునే ఈ యంత్రానికీ పట్టాను. ఎంత బిగించి పట్టుకుంటే దాని అదురు అంతగా ఎముకల్లోకి పోతుందని నాకేం తెలుసు?

"దీనికి మందు సీసాలో లేదు. రంపం మానాలి, బీడీ మానాలి, చేతులు వెచ్చగా పెట్టుకోవాలి," అన్నాడు డాక్టరు. రంపం మానడం తేలికైంది. బీడీ రెండుసార్లు మాని రెండుసార్లు మొదలుపెట్టాను. మొదలుపెట్టిన ప్రతిసారీ వేళ్లే పట్టిచ్చాయి. మూడోసారికి నిలిచింది. ఇంటికొచ్చిన రోజు మాత్రం శివమ్మను దించకుండా ఊరంతా తిప్పాను. ఏం పుట్టిందో నాన్నకు అన్నట్టు చూసింది పిల్ల.

ఇక్కడితో ఆపితే ఇది నా ఒక్కడి జబ్బు కథ అయ్యేది. నేను మానితే రంపం మూలన పడలేదు, పూర్తిగా మస్తాన్ ఒక్కడి చేతికే పోయింది. "బిగించి పట్టుకోవద్దు మస్తానూ," అని ఒక్క మాట చెప్పి నా బాధ్యత తీరిందనుకున్నాను. నా వేళ్లకు రంగు వస్తోందన్న సంతోషంలో అతని వేళ్లను చూడలేదు. మరుసటి చలికాలం ఒకరోజు అన్నం మూట ముడిని అతను పళ్లతో విప్పడం చూశాను.

"చేతులు సూపించు."

చూపించలేదు. రుమాలులో దాచుకున్నాడు. నేను బలవంతంగా లాగాను. అన్ని వేళ్లూ, బొటనవేళ్లతో సహా.

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయినేడు నువ్వు కర్నూలు పోకముందు నుంచే అన్నా."

"నాది ఆ రోగం కాదని తెలిసినంక కూడా సెప్పలేదేం?"

"నీకు నెగటివ్ వచ్చింది. నాకు పాజిటివ్ వస్తే యాడికి పోవాల?" అన్నాడు. మరుసటి రోజే అతన్ని కర్నూలు తీసుకుపోయాను.

అతనికీ నెగటివే వచ్చింది. కానీ డాక్టరు సూది గుచ్చుతూ పోతుంటే మస్తాన్ ముఖం మారలేదు. "రక్తం తిరిగి వస్తుంది, స్పర్శ పూర్తిగా రాకపోవచ్చు. ఏడాది ముందు తీసుకురావాల్సింది," అని నా వైపు చూసి అన్నాడు డాక్టరు. ఆ చూపు నాకు తగిన చూపే. ఆ రంపాన్ని ఎంచింది నేను. నాకు బాగు కావడానికి దాన్ని అతనికి ఇచ్చిందీ నేనే.

పాత రంపాన్ని విప్పి ఇనుపసామానుకు వేశాం. ఆ తర్వాత బెంగుళూరు అంగడిలో చిన్నది కొన్నాం. చెయ్యి చాపి పట్టుకుంటే భుజం గుంజని బరువు, మేము కోసే మాన్లకు చాలేంత పట్టీ. మీట వదిలితే గొలుసు ఠక్కున నిలవాలి. నిలవని రెండింటిని పక్కన పెట్టించాను. అంగడాయన విసుక్కున్నా లెక్కచేయలేదు. ఇప్పుడు ఒకరు కాసేపు కోస్తే ఇంకొకరు అందుకుంటాం. చలి పొద్దుల్లో రంపం ముట్టుకోం. నా వేళ్లు తడిసి చలి తగిలితే ఇప్పటికీ ఒకటి రెండు తెల్లబడతాయి, ఎండకు తిరిగి వస్తాయి.

మొన్న రాయచోటి నుంచి ఒక రైతు వచ్చాడు. పెట్రోలు రంపం కొత్తగా కొనబోతున్నాడు, ఏది కొనాలని సలహా అడిగాడు. బరువు, పట్టీ, గొలుసు గురించి నేను చెప్పాను. మస్తాన్ ఇంట్లోంచి గుప్పెడు నువ్వులు తెచ్చి చాప మీద చల్లాడు.

"అంగడిలో కొనేముందు బీడీ కాలేంత సేపు రంపం నడిపి సూడప్పా. దించినంక ఇట్ల ఒక్కొక్క నువ్వూ ఎత్తు. ఎత్తలేకపోతే ఎంత సౌకగా ఇచ్చినా ఆ రంపం తేవద్దు," అన్నాడు.

ఇది చదివేవాళ్లకు కూడా నేను చెప్పగలిగింది ఇదే.

రైతు నవ్వి, "ఇదేం కష్టం? ఏదీ, నువ్వు ఎత్తు సూద్దాం," అన్నాడు.

మస్తాన్ వంగి ఒక గింజ మీద వేళ్లు పెట్టాడు. పైకి తెచ్చి తెరిచాడు. ఏమీ లేదు. ఇంకోసారి పెట్టాడు.

"నాకు రాదప్పా," అన్నాడు. "నువ్వు ఎత్తు."