నేను తగ్గించానని చెప్పుకున్న కడుపునొప్పి

హార్బరు దగ్గరి మా క్లినిక్కుకి ఆ తొమ్మిదేళ్ల పిల్ల ఎన్నిసార్లు వచ్చిందో! వచ్చినప్పుడల్లా కడుపునొప్పే. నులిపురుగుల మందు ఇచ్చాను, గ్యాస్ సిరప్ ఇచ్చాను, స్కానింగ్ కూడా చేయించాను. ఏమీ దొరకలేదు. సగం రోజులు బడికే వెళ్లేది కాదు. ఇలాగైతే చదువు మాన్పించేస్తానని తల్లి అనేసింది. నాకు ఒళ్లు మండింది, ఆవిడ మీద కాదు, నా మీదే.

వేసవిలో నొప్పి టక్కున ఆగింది. నా కొత్త సిరప్ మహిమేనని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. జూన్ దాటేసరికి నొప్పి మళ్లీ మొదలైంది. మనసుకి సంబంధించిందేమో, పెద్దాసుపత్రిలో చూపించమన్నాను. తల్లి విసురుగా లేచింది.

"పిచ్చాసుపత్రికా? నాను సచ్చినా అట్టుకెల్లను బాబూ. పేటలో తలెత్తుకు తిరగొద్దేటి?"

మాలాంటి చిన్న డాక్టర్లకి సలహా చెప్పడానికి పిల్లల మానసిక వైద్యురాలు ఒకామె బుధవారాలు ఫోన్లో దొరుకుతుంది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఈవిడ నాకు చెప్పేదేమిటని అంతవరకూ ఆ నంబరు ముట్టుకోలేదు. ఆ బుధవారం అహం చంపుకుని ఫోన్ చేసి, సంగతంతా చెప్పాను.

"ఆదివారాలు కూడా వస్తుందా సార్, నొప్పి?"

"వస్తుంది."

"అయితే బడి భయం ఒక్కటే కాదు. నొప్పి లేని ఆ రెండు నెలలూ ఇంట్లో ఏం మారింది?"

నా సిరప్ అనబోయి ఆగిపోయాను. ఆ రెండు నెలలూ సముద్రంలో చేపల వేట నిషేధం. బోట్లన్నీ జెట్టీలోనే. బోటు మీద వేటకెళ్లే తండ్రి ఇంట్లో ఉన్నాడు. హార్బరు పక్కన ఇరవై ఏళ్లుగా ఉంటూ నాకిది తట్టలేదు! సిగ్గేసింది.

"పిల్లని నా దగ్గరికి పంపక్కర్లేదు సార్. మీరే చూడండి, ప్రతి వారం మాట్లాడుకుందాం" అందామె.

మర్నాడు వాళ్లని పిలిపించి, నాన్న గురించి పిల్లనే అడిగాను.

"అయ్య ఏటకెల్లినప్పుడు ఎప్పుడొత్తావని అడక్కూడదంట. అపశకునమంట."

కిందటేడు తుఫానులో అతని బోటు మూడు రోజులు ఆలస్యంగా వచ్చిందట. అప్పట్నుంచీ పిల్ల అడగలేక లోపలే దాచుకుంది.

ఆ పట్టింపు తీసెయ్యమని నేననలేదు. బయల్దేరే ముందురోజు అడిగితే తప్పులేదు కదా అన్నాను. వేట నుంచి వచ్చాక తండ్రీ ఒప్పుకున్నాడు. నొప్పి వచ్చినా ఇంట్లో ఉంచెయ్యకుండా మొదట గంట, తర్వాత ఒక పూట బడికి పంపడం ఫోన్లో ఆమె నేర్పిన పద్ధతి. మొదటి వారం పిల్ల గేటు దగ్గరే ఏడ్చి వెనక్కొచ్చేసింది. నేను కంగారుగా ఫోన్ చేస్తే, "రేపు మళ్లీ పంపండి" అంది తాపీగా.

నవంబరులో ఒక ఉదయం తల్లి ఒక్కతే తన దగ్గుకి మందు కోసం వచ్చింది. బోటు వెళ్లి ఆరు రోజులైందట. నాకు గుబులు పుట్టింది.

"పిల్లకి నొప్పి రాలేదా?"

"ఒచ్చింది బాబూ. 'ఇది అయ్య మీద బెంగేలే అమ్మా' అనేసి బడికెల్లిపోనాది."