మనవరాలి స్కోన్లు

బత్తలపల్లె బస్టాండు దగ్గర బేకరీలో నేను ముప్పై ఏళ్ళకు పైగా మాస్టరును. మాస్టరంటే బడిలో పంతులు కాదు, బట్టీ ముందు నిలబడి పిండి పిసికేవాణ్ణి. బన్నులు, టోస్టులు, దిల్‌పసందులు, కొబ్బరి బిస్కెట్లు, పుట్టినరోజు కేకులు. నా చేతుల మీదుగా పోయిన చక్కెరంతా ఒకచోట పోస్తే మా ఊరి చెరువు నిండుతుంది. వాననీళ్ళతో అది నిండగా చూసినవాళ్ళు ఎలాగూ తక్కువే. అలాంటి నా దగ్గరకు మా అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చి చక్కెర, బెల్లం, తేనె, ఉప్పు ఏవీ లేకుండా ఒక తీపి చేసిపెట్టమంది.

“స్కోన్లు అంటారు నాయనా. బన్నుకూ బిస్కెట్టుకూ మద్దెలో ఉంటాది. తీపంతా అరటిపండుదే. చంటిపిల్లోల్లకు అన్నం అలవాటు చేసేటప్పుడు పెడతారంట.”

“చక్కెర లేకుండా చేసేదానికి మాస్టరెందుకు? మీయమ్మ సంగటి చేస్తాది కదా.”

“సంగటి తింటే నీ కాడికి ఎందుకొస్తా?”

అదీ నిజమే. మనవరాలికి అప్పటికి పది నెలలు దాటాయి. అన్నప్రాశన నాడు నాలుక మీద పెట్టిన పాయసం చుక్కను బయటికి తోసేసింది. ఆ రోజు నుంచి తల్లిపాలు తప్ప ఇంకేదీ గొంతు దిగనివ్వలేదు. ఉగ్గు, పప్పన్నం, సంగటి, ఉడకబెట్టిన క్యారెట్టు, ఏది దగ్గరికి తెచ్చినా పెదవులు బిగించేది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మా ఇంట్లో రాజూ మొండీ రెండూ ఆమే. ఇప్పుడు నవ్వుతూ చెప్తున్నాను గానీ అప్పుడు నవ్వు రాలేదు. పాప బరువు పెరగడం ఆగిపోయింది. అనంతపురంలో డాక్టరమ్మ పాప కింది రెప్ప లాగి చూసి, రక్తం తక్కువగా ఉందనీ, పాలొక్కటే ఇక చాలవనీ చెప్పింది. వచ్చే నెలకు కూడా ఇలాగే ఉంటే ఆస్పత్రిలో ఉంచుకుని ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పట్టాల్సి రావచ్చంది.

ఆ గొట్టం మాట విన్న దగ్గర్నుంచి మా అమ్మాయికి నిద్ర లేదు. అల్లుడు ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు, ఆదివారం వచ్చి సాయంత్రం దాకా పాపను ఒళ్ళోంచి దించకుండా కూర్చుని పోయేవాడు. నేను వాళ్ళకు ధైర్యం చెప్పేవాణ్ణి గానీ నాకూ భయంగానే ఉండేది. బట్టీ తలుపు తీసిన ప్రతిసారీ ఆ చిన్ని ముక్కు గుర్తొచ్చేది.

సరే, తాతకు దగ్గులు నేర్పినట్టు మా అమ్మాయి నాకు పిండి కలపడం నేర్పింది. గోధుమపిండి, అందులో కొంచెం రాగిపిండి. వెన్న వేసి, పిండి రవ్వలాగా అయ్యేదాకా వేళ్ళ కొసలతో నలపాలి. బాగా మాగిన అరటిపండు చిదిమి కలిపి, రెండు చెంచాల పెరుగు, చిటికెడు బేకింగ్ పౌడరు వేయాలి. అంతవరకూ నాకు అభ్యంతరం లేదు. ఆ తర్వాత పిసకకూడదట. ముద్దను దగ్గరికి తీసి వదిలేయాలట. పిండి పిసికి పెళ్ళాంబిడ్డలను సాకినవాడికి పిసకొద్దని చెబితే ఎలా? మొదటి వాయికి నా చేతులు నా మాట వినలేదు. రాళ్ళలాగా వచ్చినవాటిని వీధి కుక్కకు వేస్తే, అది వాసన చూసి, నా ముఖం వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

రెండో వాయి బన్నుల వేడిలో పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోయింది. పండు వేసిన పిండికి బన్నుల సెగ ఎక్కువని అప్పుడు తెలిసింది. మూడోసారి బన్నులన్నీ దించేసి, బట్టీ వేడి తగ్గేదాకా కాచుకుని, పాప పిడికిలికి అందేలా వేలెడు పొడుగున కోసి లోపలికి తోశాను. కాసేపటికి బేకరీ అంతా మాగిన అరటిపండు వాసన, దాని వెనకే వెన్న వాసన. పక్కలు చిన్నగా పగిలి, గోధుమరంగు తిరిగి, వేలితో నొక్కితే మెత్తగా దిగి మళ్ళీ లేచాయి. ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాను.

చక్కెర డబ్బా మూత కూడా తీయలేదు నేను. అయినా తీపి ఉంది. చక్కెరలాగా వచ్చీరాగానే నాలుకను పట్టుకోదు, రెండోసారి నమిలినప్పుడు మెల్లగా తెలుస్తుంది. ఆ అరటిపండ్లు ఊరి బయటి తోటవి. వాన మా నేలకు చుట్టపుచూపుగా వస్తుంది. ఎంతో లోతు బోరు నుంచి తెచ్చిన నీళ్ళు పైపుల్లో బొట్టు బొట్టుగా ఆ చెట్ల మొదట్లో పడతాయి. ఆ ఎర్రమట్టి, ఆ బొట్టు నీళ్ళు కలిసి ఇంత తీపిని ఎలా తయారుచేశాయో నాకు అర్థం కాలేదు. బతుకంతా తీపి అమ్ముకున్నవాణ్ణి, తీపి ఎక్కడినుంచి వస్తుందని ఒక్కనాడూ ఆలోచించలేదు. మిగతావి డబ్బాలో సర్దాను.

ఇంటికి తీసుకుపోయాను. మా ఇంటామె నా చేతిలో డబ్బా అందుకుని, పాపను చంకనెత్తుకుని వంటింట్లోకి పోయి తలుపు మూసి గడియ వేసింది. పాపకు తినిపించడంలో ఆమె పద్ధతి అది. మా వైపు చాలా ఇళ్ళలో దిష్టి భయం ఉంది గానీ మా ఇంటామెకు ఇంకో రెండు పాళ్ళు ఎక్కువ. బిడ్డ తినేటప్పుడు ఎవరి కన్నూ పడకూడదు. అందుకని బుగ్గన నల్లచుక్క పెట్టి, పాపను ఒళ్ళో గోడ వైపు తిప్పి కూర్చోబెట్టుకుని, గిన్నె మీద కొంగు కప్పి తినిపించేది. మేము తినేటప్పుడు పాప మా కంచాల వైపు ఆశగా చూసినా మంచిది కాదని, ఆ వేళకు పాపను వేరే గదిలో ఉయ్యాల్లో పడుకోబెట్టేది. నేను తలుపు దగ్గర నిలబడితే లోపల్నుంచే కసురుకునేది.

“నువ్వు ఆడ్నించి పోబ్బా. తాత దిష్టి ఇంకా చెడ్డది.”

కాసేపటికి తలుపు తీసి, పొడి పొడి అయిన స్కోను నా చేతిలో పెట్టి “తినల్యా” అంది. ఆ పొడి నేనే కోపంగా తినేశాను. మర్నాడు సపోటా వేసి చేశాను. ఆ మర్నాడు బొప్పాయి. ఒకరోజు చీనీకాయ, అంటే బత్తాయి, రసం పోసి కలిపి చూశాను. పండు మారింది గానీ ప్రతిసారీ తలుపు తెరుచుకోవడం, పొడి నా చేతికి రావడం మారలేదు. మా అమ్మాయి గోడ మీది క్యాలెండరు వైపు చూసేది.

ఒక ఉదయం మా ఇంటామె తనకల్లులో చెల్లెలి ఇంటికి పోయింది. మా అమ్మాయికి జ్వరం వచ్చి లేవలేకపోయింది. ఏం చేసేది? పాపను ఎత్తుకుని, స్కోన్ల డబ్బా పట్టుకుని బేకరీకి పోయాను. పొద్దున పూట మా బేకరీ ముందు చీనీతోటల్లో కూలికి పోయే ఆడవాళ్ళు ఆటో కోసం కూర్చుంటారు. బెంచీ నిండా వాళ్ళే. అందరి చేతుల్లో టీ, బన్ను. నేను పాపను చంకనేసుకుని వాళ్ళ ముందు నిలబడ్డాను.

పాప కదలడం మానేసింది. మొదట భయపడిందనుకున్నాను. తర్వాత చూస్తే, బెంచీ చివర కూర్చున్న ఒకామె చేతినే చూస్తోంది. ఆమె బన్ను తుంచింది. టీలో ముంచింది. నోటి దాకా తెచ్చింది. పాప తల ఆ చేతితో పాటే పైకి లేచింది. ఆమె నమలసాగింది. పాప దవడ కూడా కదిలింది. నోట్లో ఏమీ లేదు, ఉత్త దవడే పైకీ కిందికీ ఆడుతోంది.

ఆమె కూడా గమనించింది. “పాపకు ఆకలైతాండాదన్నా. ఏమన్నా పెట్టు” అంది.

“ఏం పెట్టినా తినదమ్మా.”

“పెట్టి చూడు. మేమేం కన్ను పెట్టంలే, మాకూ బిడ్డలుండారు.”

బెంచీ మీది కళ్ళన్నీ పాప మీదే ఉన్నాయి. మా ఇంటామె చూస్తే గుండె ఆగిపోయేది. నాకూ ఒక క్షణం తువ్వాలు కప్పి లోపలికి తీసుకుపోదామనిపించింది. కానీ ఆ దవడ ఇంకా ఆడుతోంది. డబ్బా తీసి ఒక స్కోను పిడికిట్లో పెట్టాను. పాప దాన్ని చూసింది, మళ్ళీ ఆమెను చూసింది. ఆమెకు అర్థమైపోయింది. నోరు బాగా తెరిచి, బన్ను మెల్లగా కొరికి, పాపకు కనబడేలా నమిలి మింగింది. మనవరాలు స్కోను నోటికి తెచ్చుకుంది. చిగుళ్ళ మధ్య నొక్కింది. ముక్క ఊడి నోట్లో పడగానే కళ్ళు పెద్దవి చేసి ఆగిపోయింది. ఉమ్మేస్తుందనుకున్నాను. దవడ కదిలింది. ఇంకోసారి కదిలింది. ఆ సన్నటి గొంతు ఒకసారి కదిలింది, ముక్క దిగిపోయింది.

ఆటో వచ్చి హారను కొట్టింది. బెంచీ మీద ఒక్కరూ లేవలేదు. పాప రెండోసారి కొరికింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా వాళ్ళందరి ముందే ఏడ్చాను. ఇన్నేళ్ళుగా ఊరంతటికీ తిండి చేసి పంపినవాణ్ణి, మనిషి ఒక ముద్ద మింగడం ఇంత పెద్ద సంగతని ఆ రోజే చూశాను. చేపపిల్లకు ఈత నేర్పక్కర్లేదంటారు, మనిషిపిల్లకు తినడమూ అంతే అనుకున్నాం. కాదు. అది కూడా ఎవరినో చూసి నేర్చుకోవాలి. మేమేమో ఎవరి కళ్ళూ పడకుండా దాచీ దాచీ, పాప కళ్ళకే తిండి తినడం కనబడకుండా చేశాం.

సాయంత్రం మా ఇంటామె వచ్చాక జరిగింది చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను.

“నడిబజార్లో, అంతమంది కండ్ల ముందరా?” అని, ముందు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి పాప చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. “చూడు, ఘాటే రాల్యా. ఎంత దిష్టి తగిలిందో.” తర్వాత పాపను ఎత్తుకుని, స్కోను తీసుకుని వంటింట్లోకి పోయి గడియ వేసింది. కాసేపటికి బయటికి వచ్చింది. మళ్ళీ అదే పొడి. “తినల్యా. నువ్వు అబద్ధాలు చెప్తాండావు” అంది. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది.

గోడకు ఆనుకుని దుప్పటి కప్పుకున్న మా అమ్మాయి నీరసంగా అంది: “అమ్మా, పాపను నీ ఎదురుగా కూచ్చోబెట్టుకో. నువ్వు తిను. నువ్వు తింటే అది తింటాది.”

“నేనా?” అంది మా ఇంటామె. నా వైపు చూసింది. “నువ్వు కాసేపు బయటికి పోబ్బా.”

నేను కదల్లేదు. ఆమె అందరి తర్వాత, వంటింట్లో, తలుపుకు వీపు పెట్టి తినే మనిషి. వాళ్ళమ్మ కూడా అంతేనట. మా పెళ్ళినాటి నుంచీ ఆమె వడ్డించగా చూశాను, కంచాలు కడగ్గా చూశాను. తినగా చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా ఆ సాయంత్రం దాకా నాకు తోచలేదు.

ఆమె నడవలో చాప మీద కూర్చుంది. వీధి తలుపు తీసే ఉంది. పాపను ఎదురుగా కూర్చోబెట్టి చేతికి ఒక స్కోను ఇచ్చింది, తానొకటి తీసుకుంది. కొంగు అడ్డం పెట్టుకుని కొరికింది. పాప ఆ కొంగు వైపే చూస్తోంది, చేతిలోది కదల్లేదు. మా ఇంటామె నా వైపు చూడకుండా కొంగు దించేసింది. నోరు తెరిచి, ఇంకో ముక్క కొరికి నమలడం మొదలుపెట్టింది.

పాప కూడా కొరికింది. మా అమ్మాయి దుప్పటి తోసేసి లేచి కూర్చుని పాప గొంతునే చూస్తోంది. నేను మా ఇంటామెను చూస్తున్నాను. ఆమె ఎడమ దవడతో నములుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో నాకది తెలియదు.