వెడికి బెదరని వంశం

మధ్యాహ్నం కునుకు పడితే చాలు, అయ్యసామి కలలోకి వీరన్ వస్తాడు. నల్లరేగడి చేలో పత్తి విచ్చి ఉంటుంది. దూరాన గాలిమరలు తిరుగుతుంటాయి. వాటి నడుమ తెల్లటి కుక్క పరిగెడుతూ ఉంటుంది. ఆ కలలో చప్పుడు ఉండదు. గాలిమరల హోరు ఉండదు, కాళ్ళ కింద పత్తికట్టె విరిగిన అలికిడి ఉండదు. అయ్యసామి పిలుస్తాడు. తన గొంతు తనకే వినపడదు. కుక్క వెనక్కి చూడదు. మెలకువ వచ్చాక అరుగు మీద కూచుని, ఎంత ధీమా వాడికి అని నవ్వుకుంటాడు.

ఎప్పుడో ముత్తాతల ముత్తాతలు వడుగ దేశం నుంచి, అంటే తెలుగునేల నుంచి, బండ్లు కట్టుకుని దక్షిణానికి వచ్చారనీ, ముందుబండి కింద ఒక తెల్ల ఆడకుక్క నడిచి వచ్చిందనీ ఆ ఇంట్లో చెప్పుకుంటారు. నిజమేనా అని ఎవరూ అడగలేదు. వంశాల కథలన్నీ ఎవరూ అడగని ప్రశ్నల మీదే నిలబడి ఉంటాయి. కోవిల్‌పట్టికి ఇవతల ఆ కరిసల్ ఊళ్ళో, నల్లరేగడి ఊళ్ళో, మనుషులు నేల రంగులోనే ఉంటారు. సంబంధాలు వెతికేటప్పుడు మాత్రం తెల్లపిల్ల కావాలంటారు. కుక్క విషయంలోనూ అంతే. పాలలా ఉండాలి, ముక్కు గులాబీ రంగులో ఉండాలి, ఒంటి మీద నువ్వుగింజంత మచ్చ కూడా ఉండకూడదు. మచ్చ పిల్ల పుడితే కళ్ళు తెరవకముందే మందలు తోలుకునే నల్లసామి దగ్గరికి పోతుంది. అయ్యసామి నాయన కాలంలో అంత దూరం కూడా పోయేది కాదు, పెరటి బావి దగ్గరే ఆగిపోయేది. బావి మానిపించినవాడు అయ్యసామే. ఆ ఒక్క దయకు తనను తాను చాలా మంచివాడిననుకునేవాడు.

మచ్చ లేని పిల్లలకు ఇంకో పరీక్ష ఉండేది. అమ్మవారి తిరునాళ్ళ నాడు, వీధి అంతా చూస్తుండగా, నిద్రపోతున్న పిల్లల పక్కన ఒక వెడి పేల్చేవారు. శివకాశి నుంచి తెచ్చిన నాటు టపాకాయ అది, పేలితే గోడ మీది సున్నం రాలేది. ఉలిక్కిపడి లేచిన పిల్లలను అడిగినవాళ్ళకు ఇచ్చేసేవారు. కదలకుండా పడుకున్నది ఇంటికి వారసుడు. దానికే పేరు, దానికే పిల్లలు. అయ్యసామి తాత అలా ఎంచాడు, నాయన ఎంచాడు, తనూ ఎంచాడు. వెడికి బెదరని వంశం అని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు.

వీరన్ ఆ వంశంలో మేటి. ఊరి మలుపులో వాడికి ఒక రాయి కూడా ఉంది. కంకర లారీ వస్తుంటే రోడ్డు మధ్య నిలబడి తొలగలేదు, అక్కడే పోయాడు. డ్రైవరు ఏడుస్తూ చెప్పాడు, హారన్ మీద చెయ్యి తియ్యలేదు సామీ, అది ఇటు తిరగనే లేదు అని. అయ్యసామి ఆ మాటను ఊరంతా తన పద్ధతిలో చెప్పాడు. లారీని లెక్కచేసి తిరిగి చూడటం కూడా వీరన్‌కు నామోషీ అన్నాడు. రాయికి పసుపు పూశారు. బడిపిల్లలు పరీక్షలకు పోతూ దానికి మొక్కేవారు.

ఈ ఏడు వీరన్ కూతురు మల్లి ఈనింది. మల్లి ముసలిదైపోయింది, ఇదే ఆఖరి ఈత. వారసుణ్ణి ఇందులోంచే ఎంచాలి. తప్పితే తాతల నాటి తీగ అయ్యసామి చేతిలోనే తెగిపోతుంది. ఐదు పిల్లలు పుట్టాయి. నాలుగు పాలనురుగులాంటివి. ఐదోదానికి చెవి మీద చింతగింజంత గోధుమరంగు మచ్చ. నల్లసామి మందతో దూరం పోయి ఉండటం వల్ల అది ఇంకా ఇంట్లోనే ఉంది.

తిరునాళ్ళకు కూతురు బృంద మదురై నుంచి వచ్చింది. తల్లి లేని పిల్ల, మేనత్త తిరుమలమ్మాళ్ చేతుల్లో పెరిగింది. అక్కడ ఒక ఆస్పత్రిలో అప్పుడే పుట్టిన పిల్లలకు వినికిడి ఉందో లేదో చూసే పని ఆమెది. వచ్చిన రోజే కుక్కపిల్లల వెనక కూచుని తాళంచెవుల గుత్తి ఆడించింది. మచ్చది గిరుక్కున తిరిగింది. తెల్లవాటిలో రెండు తిరిగాయి. ఒకటి ఎటు తిరగాలో తెలియక తడబడింది. అన్నిటికంటే పెద్దది, అయ్యసామి మనసులో అప్పటికే వారసుడైపోయినది, తోక కూడా కదపలేదు.

తిరుమలమ్మాళ్ నవ్వింది. "ఏమే, మదురైలో పిల్లల చెవులు అయిపోయి కుక్కల చెవులకు వచ్చినావా?"

బృంద నవ్వలేదు. సాయంత్రం నాయన పక్కన అరుగు మీద కూచుని మెల్లగా చెప్పింది. కడుపులో పిల్ల తయారవుతున్నప్పుడు రంగునిచ్చే కణాలు వెన్ను గట్టు మీద పుడతాయట. అక్కణ్ణుంచి బయలుదేరి, ముగ్గు వేసే ఆడవాళ్ళు తలా ఒక గడపకు పోయినట్టు, ఒకటి పొట్టకు, ఒకటి పాదానికి, ఒకటి ముక్కుకు నడిచి పోతాయట. కొన్ని చెవి లోపలి గదిలోకి కూడా పోతాయి. అక్కడ రంగు ఎవరూ చూడరు, కానీ వాటికి వేరే పని ఉంది. చప్పుడును పట్టే సన్నటి వెంట్రుకల్లాంటివి ఆ గదిలో ఉంటాయి. వాటి చుట్టూ ఉండే నీటిలో సత్తువ నిలబెట్టేది ఈ కణాలే. అవి చేరకపోతే, పుట్టిన కొన్ని వారాలకే ఆ వెంట్రుకలు వాడిపోతాయి. ఇక అవి మొలవవు.

"తెల్లవన్నీ చెవిటివి కావు నైనా. కానీ రంగు నడక ఆగిపోయే గుణాన్ని తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు చేరుస్తూ పోయినాము. ఎప్పుడో ఒకసారి అది చెవి గడప దగ్గర కూడా ఆగిపోతుంది."

మల్లి ఎప్పుడూ తల ఎడమకు వాల్చి చూసేది. వయ్యారమనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఒక చెవితోనే వింటోందని ఇప్పుడు తెలిసింది. తన వెడి నాడు ఆ చెవిని నేలకు ఆనించి పడుకుని ఉంటుంది.

 అయ్యసామి అడగకూడనిది అడిగాడు.

"మరి వెడి?"

 బృంద చెప్పాల్సిన పని లేకపోయింది. తాత ఒక చెవిటిదాన్ని ఎంచాడు, ధైర్యమనుకుని. నాయన దాని పిల్లల్లో ఇంకో చెవిటిదాన్ని ఎంచాడు. విన్నవాటిని వీధికి పంపేశారు. అడవి కూడా ఎంచుతుంది, కానీ దానికి మోజు లేదు, పరువు లేదు. పులి అలికిడి వినని పిల్ల అడవిలో పెరిగి పిల్లల్ని కనదు, అంతే. ఎవరూ తలపెట్టకుండానే వినేవాటి సంతతి నిలిచిపోతుంది, వేల ఏళ్ళకు చెవులు ఇంకా పదునెక్కుతాయి. మనిషి ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుని, తలకిందులు చేసి, దానికి వీరత్వం అని పేరు పెట్టుకున్నాడు. ఒక గుణాన్ని పట్టి లాగినప్పుడు దాని వెనక ముడిపడి ఏది వస్తోందో చూసుకోలేదు. మేనరికాలతో నాలుగు ఇళ్ళ మధ్యే తిరిగిన ఆ వీధికి ఇది మరీ కొత్త సంగతి కాదు. ఏ ఇంట్లో ఏ బిడ్డ ఎందుకలా పుట్టిందో అక్కడ ఎవరూ పైకి అనుకోరు.

"వీరన్ కూడానా?" అన్నాడు అయ్యసామి.

"నాకేం తెలుసు నైనా, అప్పుడు చిన్నదాన్ని." మళ్ళీ తనే అంది, "డ్రైవరు హారన్ కొట్టినానన్నాడు గదా."

మరునాడు మధ్యాహ్నం కూడా కునుకు పట్టింది. అదే చేను, అవే మరలు, అదే పరుగు. ఆ నిశ్శబ్దం తనది కాదని, కుక్కదని ఈసారి కలలోనే అర్థమైంది. ఇన్నేళ్ళూ తాను వీరన్ చెవుల్లోపల నిలబడి చూస్తున్నాడు. వాడు పత్తి మీద తేలుతున్నట్టు పోతున్నాడు. వెనక ఏదో వస్తోంది. వాడికి లోకమంతా దూదిలా మెత్తగా ఉంది. అయ్యసామి గొంతు చించుకుని అరుస్తూ లేచాడు. అక్క మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

తిరునాళ్ళ నాడు వీధి అంతా గుమిగూడింది. తిరుమలమ్మాళ్ కొడుకు సత్యరాజ్ తిరుప్పూరు బనియన్ల కంపెనీ నుంచి సెలవు పెట్టి వచ్చాడు. వెడి మానేద్దామని బృంద ముందే అంది. అయ్యసామి ఒప్పుకోలేదు. "కడసారి ఒక్కటి పేల్చనీ. నేను చూడాల," అన్నాడు. పిల్లలు మల్లి పొట్టకు ఆనుకుని నిద్రపోతున్నాయి. ఎప్పుడూ పెట్టే చోట పెట్టకుండా, వెడిని గోడ మూల వరకు జరిపి అంటించాడు.

పేలింది. మల్లి ఎడమకు తల తిప్పింది. రెండు తెల్లపిల్లలు కుయ్యిమని లేచాయి. తడబడేది గుండ్రంగా తిరిగింది. పెద్దది గాఢనిద్రలో ఉంది, దాని పొట్ట నిమ్మళంగా ఎగసి పడుతోంది. వీధి అంతా మెచ్చుకోలుగా గొణిగింది. మచ్చది మాత్రం ఎగిరి, అక్కడే ఉచ్చ పోసుకుని, ఉరికి వచ్చి అయ్యసామి పంచెలో దూరింది.

"మామా, వంశోద్ధారకుడు పంచెలో దాక్కున్నాడు," అన్నాడు సత్యరాజ్. అందరూ నవ్వారు.

అయ్యసామి వంగి దాన్ని ఎత్తుకున్నాడు. దాని గుండె ఆయన అరచేతిలో కొట్టుకుంటోంది. నలభై ఏళ్ళుగా ఇలా కొట్టుకునే గుండెల్నే ఏరి ఏరి ఇల్లు దాటించాడు.

"ఇది ఇంట్లో ఉంటుంది," అన్నాడు.

 తిరుమలమ్మాళ్ దగ్గరికి వచ్చి, మిగతావాళ్ళకు వినపడకుండా అంది. "మచ్చ ఉండాది తంబీ. నాయన ఉండుంటే ఒప్పునా?"

"చెవులు కూడా ఉండాయి అక్కా."

పెద్దదాన్నీ ఎవరికీ ఇవ్వలేదు. దాన్ని రోడ్డు వైపు వదలొద్దనీ, చేత్తో సైగ చేసి పిలవడం నేర్పాలనీ, దాని నుంచి పిల్లలు మాత్రం వద్దనీ బృందతో చెప్పాడు. వెడికి బెదరని వంశం ఇంతటితో సరి అని వీధిలో వాళ్ళు రెండు రోజులు చెప్పుకున్నారు. వచ్చిపోయే వాళ్ళ చూపులు ఆయన్ని కుట్టకపోలేదు. నాయన పేరు నిలబెట్టలేకపోయాననే బెంగ మజ్జిగ తాగేటప్పుడు కూడా వదలలేదు.

బృంద మదురై బస్సెక్కిన పొద్దున, ఆమెను సాగనంపి వస్తూ మలుపులో రాయి దగ్గర ఆగాడు. పసుపు వెలిసిపోయి ఉంది. రాయిని పీకెయ్యాలని వచ్చాడో, మళ్ళీ పసుపు పూయాలని వచ్చాడో ఆయనకే తెలియలేదు. ఊరికే దాని పక్కన కూచున్నాడు. వాడు వీరుడు కాకపోయినా వాడు వాడే కదా అనుకున్నాడు. కాస్త మట్టి తీసి రాయి మొదట్లో సర్దాడు.

వెంట వచ్చిన మచ్చపిల్ల రోడ్డు అంచున ఏదో పురుగు వెంట పోతోంది. దూరంగా లారీ కనపడింది. అయ్యసామి లేవలేదు. లేచే టైము లేదు. నోరు తెరిచి, పేరింకా పెట్టని దాన్ని, "ఒరేయ్" అన్నాడు.

పిల్ల ఆగింది. తిరిగి చూసింది. చెవులు వెనక్కి పెట్టుకుని ఆయన దగ్గరికి ఉరికి వచ్చింది.

లారీ పోయింది, దుమ్ము లేచింది, గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ వంశంలో పిలిస్తే అట్లా తిరిగి చూసిన కుక్క ఆయనకు తెలిసి ఒక్కటీ లేదు. దాన్ని కాస్త దూరంగా వదిలి, పని ఏమీ లేకపోయినా మళ్ళీ పిలిచాడు.