అవ్వ తొవ్వకు నంబరొచ్చింది

కిందటి వేసవిలో ఒక పొద్దున చెత్త బండి మా గుమ్మం ముందు ఆగినప్పుడు, రోజూ వినిపించే పాటకు బదులు మైకులో ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. మున్సిపాలిటీలోని రోడ్లన్నింటికీ కొత్తగా పేర్లు, నంబర్లు పెట్టబోతున్నారట, దాని మీద ప్రజల అభిప్రాయం తెలుసుకోవడానికి శనివారం కమ్యూనిటీ హాలులో సమావేశం ఉందట, అందరూ తప్పక రావాలట. నేను చెత్త డబ్బా చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. బండి నడిపే అతను "ఏంది తాతా, ఎయ్యవా?" అని అడిగేదాకా చేతిలో డబ్బా ఉన్న సంగతే నాకు గుర్తు లేదు.

మేడ్చల్ దాటి అత్వెల్లి వైపు వస్తే పెద్ద సడక్ నుంచి కుడి చేతికి తిరిగే రోడ్డు మాది. రెండు వైపులా మేడలు, గేట్లు, గేట్ల ముందు కార్లు. ఆ మేడల మధ్య నేను కట్టుకున్న రెండు గదుల ఇల్లు ఎవరో మరిచిపోయి వదిలేసిన సామానులాగా ఉంటుంది. ఫ్యాక్టరీ స్టోరులో చేసిన ఉద్యోగం ముగిసి చాలా ఏళ్ళయింది. మా ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది. అల్వాల్‌లో ఉండే బిడ్డ సాయంత్రం పూట ఫోన్ చేసి తిన్నావా, మందులు వేసుకున్నావా అని అడుగుతుంది, నేను అన్నీ అయినయి అంటాను, ఆ తరువాత టీవీ పెట్టుకుంటాను. ఇదే నా దినచర్య.

ఈ రోడ్డుకు ఒక పేరు ఉండేది. అవ్వ తొవ్వ. మన వయసు వాళ్ళకు చెప్పక్కర్లేదు, మా వైపు దారిని తొవ్వ అంటాం. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ, అవ్వ తొవ్వ మీదికి కూరగాయల బండి వచ్చిందనో, అవ్వ తొవ్వ మొదట్ల నీళ్ళు నిలిచినయనో, రోజుకు ఒక్కసారైనా ఆ మాట అనేది. నా బిడ్డ మాత్రం ఇంటికి ఎవరినైనా పంపాలంటే ఫోన్‌లో లొకేషన్ పంపుతుంది. ఆ పొద్దున చెత్త బండి వెళ్ళిపోయాక లెక్క వేసుకుంటే, ఆ పేరును ఇంకొకరి నోట విని ఎంత కాలమైందో నాకే తెలియలేదు.

అవ్వ అంటే మా బాపు తల్లి, మా నాయనమ్మ. నేను చిన్నప్పుడు ఇక్కడంతా అంగూరు తోటలు ఉండేవి. మేడ్చల్, శామీర్‌పేట వైపు పెరిగినవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది, రాతి కడీలు పాతి, వాటి మీద తీగలు లాగి, ఎంత దూరం చూసినా ఆకుపచ్చ పందిళ్ళే. ఎండాకాలంలో పెద్ద సడక్ పక్కన గంపల్లో గుత్తులు పేర్చుకుని ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు, బస్సుల్లో పోయేవాళ్ళు కిటికీలోంచే బేరమాడేవాళ్ళు. మా వాడ తోటలకు వెనకాల ఉండేది. వాడ నుంచి సడక్ మీదికి రావాలంటే సేటు తోట మధ్య నుంచి బండ్లు పోయే ఒక మట్టి బాట. బడికి, అంగడికి, దవఖానకు, అన్నింటికీ అదే. సేటు పట్నంలో ఉండేవాడు. అప్పుడప్పుడు జీపులో వచ్చి, తోట చూసుకుని, మేస్త్రికి చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోయేవాడు. పెద్ద గొంతు మనిషి కాదు, మాతో మాట్లాడేవాడూ కాదు.

ఒక ఏడాది కాయలు దొంగలపాలవుతున్నాయని బాటకు రెండు కొసలా కడీలు పాతించి, ముళ్ళ తీగ కట్టించారు. గేటు లేదు, సందు లేదు. మేము వాగు దిక్కు నుంచి చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. పెద్దవాళ్ళు కొన్నాళ్ళు గొణిగి ఊరుకున్నారు, ఎందుకంటే వాడలో సగం మందికి ఆ తోటలోనే పని. పిల్లలమైతే వాగు దొరికిందని సంతోషపడ్డాం కూడా.

ఆ వానాకాలంలోనే మా అమ్మకు నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, నా చేతిల లేదు, దవఖానకు తీసుకపోండి అని మంత్రసాని చెప్పింది. పగటి పూటే, కానీ వాన వల్ల పొద్దుగూకినట్టుంది. బండిలో గడ్డి పరిచి, మీద గొంగడి కప్పి, అవ్వ అమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాపు ఎడ్లను మొదట తోట దిక్కే తోలాడు. నేను మా పక్కింటి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని వెనకాల పోయాను. కావలివానితో బాపు చాలా సేపు మాట్లాడాడు, బతిమాలాడు, తీగ పట్టుకుని గుంజాడు. మేస్త్రి లేడని, ఆయన చెప్పనిది కడీ ముట్టుకుంటే తన నౌకరీ పోతుందని కావలివాడు ఏడుపు మొహంతో అన్నాడు. ఆ తరువాత బాపు బండిని వెనక్కు తిప్పాడు. ఆ బండి తిరగడం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది, సన్నటి బాట మీద ఎడ్లు బురదలో జారుతూ, లోపల అమ్మ అరుపు ఒక్కసారిగా ఆగిపోయి, మళ్ళీ మొదలవుతూ.

వాగులో చక్రం దిగబడిందట. అటు పొలాల్లోని వాళ్ళు వచ్చి లేపేదాకా అక్కడే ఉన్నారట. మేడ్చల్ దవఖానలో అమ్మను బతికించారు. బిడ్డను బతికించలేకపోయారు. ఆడపిల్ల. నాకు చెల్లె అయ్యేది. అమ్మకు ఆ తరువాత పిల్లలు కలగలేదు, నేను ఒక్కణ్ణే మిగిలాను. పండుగలకు అందరి ఇళ్ళల్లో అక్కచెల్లెళ్ళు వచ్చి పోతుంటే, ఆ పిల్ల ఉండి ఉంటే ఇప్పుడు ఎట్లా ఉండేదో, నన్ను ఏమని తిట్టేదో అనుకోవడం నాకు ఈ వయసులోనూ పోలేదు.

అమ్మ ఇంటికి వచ్చి, కాస్త లేచి కూర్చోగలిగినాక, ఒక పొద్దున అవ్వ అన్నం వండి పెట్టి, గోనెపట్ట తలమీద వేసుకుని పోయి తోట కడీల ముందు కూర్చుంది. ఎవరితోనూ చెప్పలేదు. బాపు పోయి ఇంటికి రమ్మంటే రాలేదు. సాయంత్రం తనే వచ్చింది, మరుసటి పొద్దున మళ్ళీ పోయింది. ఎన్ని రోజులు అట్లా గడిచాయో నాకు తెలియదు. మొదట పక్కింటి పెద్దమ్మ పోయి కూర్చుంది, తరువాత ఇంకొకామె, ఆ తరువాత తోట పనికి పోయే ఆడవాళ్ళంతా. మగవాళ్ళకు ఇక పనికి పోను మొహం చెల్లలేదు. వానలు తగ్గి తీగల కత్తిరింపులు మొదలయ్యే కాలం అది, ఆ కొన్నాళ్ళు తప్పితే ఆ ఏటి పంట మీద ఆశ వదులుకోవలసిందే. మేస్త్రి బెదిరించాడు, వేరే ఊళ్ళ నుంచి మనుషులను తెస్తానన్నాడు. చివరికి పట్నం నుంచి సేటే జీపు వేసుకుని వచ్చాడు.

నేను అవ్వ పక్కనే ఉన్నాను కాబట్టి ఆ మాటలు నాకు తెలుసు. ఆమె లేవలేదు, దండం పెట్టలేదు. కూర్చున్నచోటు నుంచే తలెత్తి చెప్పింది. "నీ అంగూర్ల కోసం రాలే సేటూ. నా కోడలు గీ తొవ్వల పోయుంటే దవఖానకు జల్దీ చేరుతుండె. పిల్ల బతుకుతుండె. ఇంకో ఇంట్ల గట్ల కావద్దు. తొవ్వ ఇడువు."

సేటు మేస్త్రి దిక్కు చూశాడు. మేస్త్రి నేల చూశాడు. సేటు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని, "నాకెవ్వరు చెప్పలే అవ్వా," అన్నాడు. ఆ తరువాత ఎవరి దిక్కూ చూడకుండా, "అవ్వ తొవ్వకు ఇగ ఏం అడ్డం పెట్టొద్దు," అని చెప్పి జీపు ఎక్కాడు. ఆ సాయంత్రమే కడీలు పీకారు. ఆయన నోట వచ్చిన మాటే ఆ బాటకు పేరైంది. వాడంతా అట్లాగే పిలిచింది, తరువాత ఊరంతా పిలిచింది, సడక్ మీద ఆగే జీపులవాళ్ళు కూడా అవ్వ తొవ్వ దిగేటోళ్ళున్నరా అని అరిచేవాళ్ళు. ఆ అరుపు విన్నప్పుడల్లా అవ్వ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

అందరూ ఆ బాటన నడిచారు, మా అమ్మ తప్ప. బాట తెరిచినాక కూడా ఆమె ఏళ్ళ తరబడి వాగు మీద నుంచే చుట్టు తిరిగి పోయేది. ఎండలోనైనా, నెత్తిన బరువున్నా అంతే. అవ్వ కూడా ఎన్నడూ ఎందుకని అడగలేదు. అవ్వ పోయిన రోజు పాడెను ఆ బాటనే తీసుకుపోతుంటే, డప్పుల వెనకాల ఆడవాళ్ళతో కలిసి అమ్మ నడిచింది. కడీలు ఉన్న చోటికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది. ఆ రోజు తరువాత వాగు దిక్కు పోలేదు.

బావులు ఎండి, బోర్లు ఎండి, తోటలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. వాడలోని వాళ్ళు వచ్చినకాడికి అమ్ముకుని తలా ఒక దిక్కు పోయారు. మట్టి బాట సిమెంటు రోడ్డయింది. కొత్తగా వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, కోస్తా వైపు నుంచి వచ్చిన ఉద్యోగస్తులు చాలామంది, ఎదురుపడితే నవ్వుతారు, ఆ నవ్వు దాటి మాట పోదు.

శనివారం నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని కమ్యూనిటీ హాలుకు పోయాను. గోడ మీద పెద్ద మ్యాపు వేసి చూపించారు. మా రోడ్డు మీద ఏడు అంకె ఉంది. వచ్చిన అధికారిణి చిన్న వయసు అమ్మాయి, అందరి మాటా ఓపికగా వింటోంది. కొందరు పూల పేర్లు పెట్టమన్నారు, కొందరు నాయకుల పేర్లన్నారు, కాసేపు గట్టిగా వాదులాడుకున్నారు. అప్పుడు మా రోడ్డు చివరి మేడలో ఉండే ఒకాయన లేచాడు. మనిషిని ఎరుగుదును, ఎన్నడూ మాట్లాడింది లేదు.

"మా అమ్మకి ఆయాసం ఎక్కువైతే అంబులెన్సుకి ఫోన్ చేశామండి. అతను మన కాలనీ పేరే ఉన్న ఇంకో కాలనీకెళ్ళి మా ఇంటి కోసం తిరిగాడండి. ఏదో దేవుడి దయ వల్ల బతికింది. పేరు ఏం పెట్టినా నాకు అభ్యంతరం లేదండి. ఇల్లు దొరకాలి, అంతేనండి."

ఆయన కూర్చున్నాక నేను లేచాను. మా రోడ్డుకు పేరుందని, అది అవ్వ తొవ్వ అని చెప్పాను. వెనక నుంచి ఎవరో కుర్రవాడు "ఏ అవ్వ? లీడరా?" అని అడిగాడు, కొందరు నవ్వారు. వాళ్ళ తప్పు లేదు. నేను తిరిగి హాలంతా చూశాను. అవునవును, అవ్వ తొవ్వే అని ఒక్కరన్నా అంటారేమోనని, వాడవాళ్ళ మొహం ఒక్కటన్నా కనిపిస్తుందేమోనని. ఒక్కటీ లేదు. మా ఆవిడను కాటికి పంపిన రోజు కూడా నేను అంత ఒంటరిగా నిలబడలేదు.

కూర్చుందామనుకున్నాను, కానీ కాళ్ళు వంగలేదు. మెల్లగా మొదలుపెట్టి అంతా చెప్పాను, కడీలు, బండి, వాగు, చెల్లె. నవ్వు ఆగిపోయింది. "మరి మీరేం కోరుకుంటున్నరు తాతా?" అని ఆ అమ్మాయి అడిగింది. పేరు ఉంచమని అడగడానికే పోయినవాణ్ణి, ఆయన తల్లి ఆయాసం నా చెవుల్లో ఉండగా ఆ ఒక్క మాటే అడగడానికి నోరు రాలేదు. "నంబరే ఎయ్యండి మేడం. తొవ్వకు రెండు దిక్కుల, దూరం నుంచి కనబడేటట్టు పెద్దగ ఎయ్యండి. కింద జాగ ఉంటే అవ్వ తొవ్వ అని రాయండి," అన్నాను. నంబరు వెంటనే వస్తుందని, పేరు కావాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలని, పాత పేరు అదేనని ఇంకొందరు కూడా చెప్పాల్సి ఉంటుందని ఆ అమ్మాయి బాధగానే చెప్పింది. ఇంకొందరు ఎక్కడున్నారు?

ఆ చివరి మేడ కోస్తా ఆయన నన్ను బండి మీద ఇంటి దగ్గర దింపాడు. నేను దిగినాక, హెల్మెట్ తీసి, "మీ అమ్మగారు తర్వాత ఎలా ఉండేవారండీ?" అని అడిగాడు. నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో లేరు. బతికింది సారూ, మస్తు రోజులు బతికింది అన్నాను. ఇంకా చెబుదామనుకున్నాను, లోపలికి రమ్మందామనుకున్నాను, ఇంతలో ఆయన ఫోన్ మోగింది.

వానలు పోయాక బోర్డులు వచ్చాయి. నీలం రేకు మీద తెల్లటి అంకె, రెండు కొసలా, నేను అడిగినంత పెద్దగానే. కింద ఇంకే రాతా లేదు. ఈ మధ్య ఒక పగలు అంబులెన్సు సైరన్ వినిపించి బయటికి వచ్చాను. ఎక్కడా ఆగకుండా, ఎవరినీ అడగకుండా నేరుగా చివరి మేడ దాకా పోయింది. ఆయన తల్లిని తీసుకుపోయి, నాలుగు రోజులకు మళ్ళీ ఇంట్లో దింపారు. ఆమె గోడ పట్టుకుని మెల్లగా లోపలికి నడుస్తుంటే, తలుపు మూసుకునేదాకా చూస్తూ నిలబడ్డాను.

మన కాలంలో కొత్తవాళ్ళు ఒక ఊరికి వస్తే మొదట కనబడిన గుమ్మం ముందు నిలబడి ఫలానావాళ్ళ ఇల్లు ఎక్కడ అని అడిగేవాళ్ళు. మనం వెంటనే చెప్పేవాళ్ళమా? ఏ ఊరు, ఎవరి తరపు, వాళ్ళకేమవుతావు అని అడిగి, మంచినీళ్ళిచ్చి, చివరికి చెప్పులేసుకుని దగ్గరుండి తీసుకుపోయేవాళ్ళం. ఇప్పుడు మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుంటే పార్సిళ్ళు తెచ్చే పిల్లలు ఫోన్ చూసుకుంటూ నా ముందు నుంచే పోతారు, ఒక్కరూ తడబడరు. ఎవరి ఇల్లు వాళ్ళకు దొరుకుతోంది, అది మంచి సంగతే, నేను కోరుకున్నదీ అదే. నన్ను తొవ్వ అడిగేవాళ్ళు మాత్రం ఇక ఎవరూ రారు.