చిమణీలకు పెట్టిన బువ్వ

తడిసి పులిసిన జొన్నల వాసన, దాని మీద పావురాల రెట్ట వాసన. హోట్గి రోడ్‌లో నేను ఒక్కదాన్నే ఉండే ఈ ఫ్లాట్‌లో పొద్దున్నే బాల్కనీ తలుపు తీస్తే నన్ను పలకరించేవి ఇవే. పిచ్చుకల కోసమని ముచ్చటపడి కొన్న గింజల డబ్బా మీద పావురాలు కాపురం పెట్టాయి. తీగలు కట్టాను, మెరిసే కాగితాలు వేలాడదీశాను, చీపురు తిరగేసి అదిలించాను. అవి మెడ తిప్పి నన్నొకసారి చూసి మళ్లీ తమ పనిలో పడతాయి. ఒంటరి మనిషంటే పావురాలకు కూడా లోకువే.

ఇలాంటివాటి ఆట కట్టించడం మా బాపమ్మకే చెల్లింది. బాపు అంటే నాన్న, బాపమ్మ ఆయన తల్లి. ఈ ఊళ్లోనే, మగ్గాలవాళ్లుండే భవాని పేట్‌లో మాకు ఇరుకైన వాకిలి, దాన్ని ఆనుకొని రేకుల కప్పు వేసిన మగ్గాల షెడ్డు ఉండేవి. అమ్మ నన్ను కని పోయిందట. బాపు పొద్దంతా మగ్గం మీదే కాబట్టి నాకు బాపమ్మ, బీడీలు చుట్టే ఆమె చేతులు, ఆ చేతుల పొగాకు ఘాటు, అంతే లోకం. ఎండాకాలం పొద్దున సందు పొడవునా నూలు పడుగులు చాచి గంజి పట్టించేవాళ్లు. ఆరి రాలిన గంజి పొలుసులు ఏరుకోవడానికి పిచ్చుకలు గుంపులుగా దిగేవి. శ్రావణంలో పడుగులు ఆరక పని ఆగిపోతే, రేకుల మీద వాన చప్పుడు వింటూ, నారళి పున్నమకు కొబ్బరి, బెల్లం వేసి వండిన అన్నం ఎప్పుడు దిగుతుందా అని పొయ్యి దగ్గరే కూర్చునేదాన్ని. చలికాలమైతే నిప్పుల్లో కాల్చిన లేత జొన్న కంకులు నలిపిన అరచేతులు సాయంత్రం దాకా కమ్మగా ఉండేవి. ఏ కాలమైనా మేం తినకముందే బాపమ్మ పిడికెడు జొన్నలు వాకిట్లో చల్లేది. పిచ్చుకలను ఆమె మరాఠీవాళ్లలాగే చిమణీలనేది.

చల్లిన గింజలు వాటి నోటిదాకా వస్తే కదా! కాకులు, పావురాలు దిగాయంటే చిమణీలు బిక్కుబిక్కుమంటూ దండెం మీదే ఉండిపోయేవి. ఒకరోజు బాపమ్మ బీడీ ఆకుల గంపను గింజల మీద బోర్లించి, దాని అంచు కింద అక్కడక్కడా నూలైపోయిన చెక్క కండెలు నిలబెట్టింది. ఆ సందులోంచి చిన్నవి దూరాలి, పెద్దవి దూరకూడదు. తీరా ఆమె పెట్టినవి పొడుగు కండెలు. ఒక పావురం తల వంచుకొని దర్జాగా లోపలికి పోయి, బెదిరి కండెలు పడేసి, గంపను నెత్తిన పెట్టుకొని వాకిలంతా తిరిగింది. బాపు మగ్గం ఆపి మరీ నవ్వాడు.

"నవ్వుడు గాదు, పొట్టి కండెలియ్యిరా. బలిసినోడు యాడన్న తింటడు. చిమణి యాడికి పోవాలె?" అంది బాపమ్మ.

పొట్టి కండెలు పెట్టి, గంప మీద రాయి పెట్టాక పావురాల పని అయిపోయింది. గంప చుట్టూ కాపు కాసి చిమణీలను బెదరగొట్టే కాకులను మాత్రం ఆమె కర్రతో తరిమేది, బండబూతులతో కూడా. ఆ బూతులన్నీ నాకు నోటికొచ్చేవి.

నేను నాలుగో తరగతిలో ఉండగా బాపమ్మ జ్వరంతో పోయింది. మా వాళ్లలో మనిషి పోయిన మూడోరోజు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముడితేనే పోయినవాళ్లు తృప్తిగా వెళ్లినట్టు. శ్మశానంలో పెట్టిన బువ్వను కాకి ముట్టలేదు. ఇంటికొచ్చి వాకిట్లో మరో విస్తరి వేశారు. కాకులు ఎదురింటి గోడ మీద కూర్చొని చూశాయే గాని ఒక్కటీ దిగలేదు. ఇన్నేళ్లు తన్ని తరిమిన వాకిలి మరి!

"ముసల్ది జిందగీ అంత కాకుల్ని కొట్టె. ఇగ యాడ వస్తయి?" అన్నాడు పెద్దబాపు, బాపు వాళ్లన్న.

బాపమ్మ ఆకలితో ఎక్కడో నిలబడిపోయిందనుకొని నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అంతలో దండెం మీది చిమణీలు ఒక్కొక్కటే విస్తరి మీద వాలాయి. పెద్దబాపు భుజం మీది తువ్వాలు తీసి వాటిని కొట్టబోయాడు.

"కొట్టకు పెద్దబాపూ, అవి బాపమ్మయి!" అని అరిచాను.

బాపు అన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీ అన్నా. అమ్మ ఎవలకు పెట్టిందో వాళ్లే వచ్చిన్రు."

"చిమణి ముడితే లెక్కకొస్తదారా?"

బాపు విస్తరి ముందు సాగిలపడి మొక్కి, లేచి కళ్లు తుడుచుకొని, "ముట్టింది. పదుండ్రి, తిందాం," అన్నాడు.

ఆ తర్వాత బాపు కూడా పోయాడు. మగ్గాల షెడ్డు తీసి మూడంతస్తులు లేపారు. సందులో పడుగులు చాచేవాళ్లు లేరు, రాలే గంజి లేదు. మొన్న అటు వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. ఒక్క చిమణి కూత వినపడలేదు. నాకు ముందూ వెనకా ఎవరూ లేరు. నేను పోయాక ఇరుగుపొరుగు ఎవరో ఒకరు జాలిపడి నా పేర విస్తరి వేస్తారనే అనుకుంటాను. దాని మీద కూడా పావురాలే వాలతాయి. అప్పుడు నేను గింజలు పెట్టింది చిమణీలకని తెలియక, వాటిని చూసి "ముట్టింది" అని ఎవరైనా అంటారేమోనని నా భయం.