మూతలేని నత్త

బాన్సువాడ అంగడిల నత్తలమ్మే చాంద్రి నోటికి ఎదురు లేదు. ఆ వారం బీర్కూర్ నుంచి రోజారాణి గిన్నె పట్టుకొని వచ్చింది.

"ఏందక్కా, నీ నత్తలల్ల మూతలేనియి కలిసినయి. తిని మా మామ మంచం పట్టిండు."

చాంద్రి లేచి నిలబడ్డది. "మూతలేనియా? నా బొటనవేలు దాటి వచ్చినయా? కాలువల బాతుల తిండి ఏరుకొని, నా నత్తలల్ల కలిపి, నా మీదనే పంచాయతి పెడుతున్నవా బిడ్డా? మీ మామకు పడనిది నత్తలు కాదు, నీ వంట!"

అంగడంత నవ్వింది. రోజారాణి గిన్నెను కొంగు చాటుకు పెట్టుకొని పోయింది. పక్కన తోటకూర అమ్మే లస్మవ్వ అందరికంటే గట్టిగ నవ్వింది. అసొంటి నోరు తన పక్కనుండుడే ఆమెకు గొప్ప.

చాంద్రి బతుకంత ఆ బొటనవేలే. నిజాంసాగర్ కాలువ కింది మడుల్ల నత్తలు ఏరి, చూడకుండనే తడిమి వేరుచేస్తది. నోటికి గట్టి మూత ఉంటే మనిషికి, లేకుంటే బాతులకు. లస్మవ్వ మనుమరాలు సహజ డిగ్రీ చదువుతది. పుస్తకంల గూడ అవి వేరువేరు జాతులేనని, మూతున్నదాన్ని పైలా అంటరని, దానికి చేపోలె మొప్పలు, మనోలె ఊపిరితిత్తి రెండూ ఉంటయని చెప్పింది.

"అయితే నాలెక్కనే. నీళ్లల్లా బతుకుతది, ఒడ్డుమీదా బతుకుతది" అని చాంద్రి మురిసింది.

ఎండకాలం ఆ నత్తలు మూత బిగించుకొని మట్టిల పండుకుంటయి. చాంద్రి పండుకోదు, బీడీలు చేస్తది. ఈసారి వానలు ఆలస్యమై బీడీల పనే ఎక్కువ దినాలు నడిచింది. ఆకు అంచులు మడిచి మడిచి బొటనవేలు కాయగాసింది.

కొట్లాట గెలిచిన తెల్లారి నుంచి ఆమెకు కాలు నిలవలే. లస్మవ్వ ఇంటికి వచ్చుడు, కూసునుడు, చాయ్ తాగకముందే లేచుడు.

"ఏందే, చీమలు కుట్టినట్టు తిరుగుతున్నవ్?"

"ఏం లేదక్కా." గడప దాటింది. మళ్ల వచ్చింది. కొంగుముడి విప్పి చిన్న నత్తను లస్మవ్వ చేతిల పెట్టింది. లస్మవ్వ తిప్పి చూసింది. మూత లేదు.

"ఆనాటి గంపల మిగిలినయి వండుదామని కడుగుతుంటే దొరికింది. ఇదొక్కటే కాదు. కండ్లకు తెలుస్తుంది గనీ, వేలుకు అన్నీ ఒక్కతీరే ఉన్నయి."

"ఎవలు చూసిండ్రే? బాతులకేసి ఊకో. గెలిచినదానివి."

"ఆ ముసలాయన మంచమే నా కండ్లల్ల మెదులుతుందక్కా. అన్నం దిగుతలేదు." చాంద్రి మళ్ల లేచి వాకిట్ల ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు తిరిగింది. ఆఖరికి లస్మవ్వ ముందర నిలబడ్డది.

"నేను పోతే ఈ నోరు ఊకోదు, తప్పైంది అనబోయి ఇంకో కొట్లాట పెట్టుకుంట. బీర్కూర్ బస్సుకు నువ్వు పో. చాంద్రి ఓడిపోయిందని రోజారాణితోటి చెప్పు. ఆ ముసలాయన ముందరనే చెప్పు. గనీ మెల్లగ చెప్పక్కా, పక్కింటోళ్లకు వినపడొద్దు."