కొళాయికి చుట్టిన తీగ

మా బావ సుందరరాజు చెయ్యి పెడితే బాగుపడని వస్తువు ఉండదని నంద్యాలలో ఆయన వీధంతా అనేది. నేను మాత్రం అనను. ఆయన చేతి పని నేను కళ్లారా చూశాను.

బావ పత్తి మిల్లులో వైర్‌మన్. మా అక్క జీవమ్మను చేసుకునే నాటికే రేడియోలు, ఇస్త్రీ పెట్టెలు, బావి మోటార్లు విప్పి బిగించడంలో పేరు తెచ్చుకున్నాడు. మనిషి మంచివాడే. ఎవరు పిలిచినా అన్నం ముందు నుంచి లేచి వెళ్లేవాడు. కాకపోతే తన పనిలో తప్పుందని ఎవరైనా అంటే మొహం గంటు పెట్టుకుని రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. “నీకేం తెలుసు మే” అన్నది ఆయన ఊతపదం. ఆళ్లగడ్డలో పంతులమ్మ ఉద్యోగం చేస్తున్న నాకూ అదే జవాబు.

1978లో, ఊళ్లో మిషన్ బడి నడిపిన దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ అక్కకు ఒక ఓవెన్ ఇచ్చింది. వెనక ఫ్యాను తిరుగుతూ వేడి గాలిని లోపలంతా తిప్పే రకం. వీధిలో దాన్ని ఫ్యాను పొయ్యి అనేవాళ్లు. ఆదివారం పొద్దున్నే అక్క దాంట్లో బన్నులు కాల్చి చర్చికి తీసుకెళ్లేది. క్రిస్మస్ వారం వస్తే చర్చి ఆడవాళ్లంతా పిండి కలుపుకొని, డబ్బాలు పట్టుకుని అక్క వంటింటి ముందు కూర్చునేవాళ్లు. వాళ్ల పండగ ఆ పెట్టె మీదే ఆధారపడి ఉండేది. బావ గొప్పతనం కూడా.

మూడేళ్లకు ఫ్యాను ఆగిపోయింది, లోపలి కాయిల్ కాలిపోయింది. అలాంటిది హైదరాబాదులో కూడా దొరకదన్నారు. బావ పెట్టెను వరండాలో బోర్లించుకుని వారం రోజులు దాంతోనే కాపురం చేశాడు. ఫ్యానుకు మిషను నూనె పోసి తిప్పాడు. బజారులో దొరికే కాయిల్ తెచ్చి గుండ్రంగా వంచి, రేకుకు తగలకుండా మధ్యలో అభ్రకం ముక్కలు పెట్టి బిగించాడు. కేకు మునుపటికంటే బాగా పొంగింది. కానీ గంటసేపు కాలాక తలుపు పిడి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. వేడికి అభ్రకం పగిలి కరెంటు రేకులోకి దిగుతోందని బావకు తెలుసు.

ఆ కరెంటును భూమిలోకి దించడానికి ఎర్త్ కావాలి. ఊళ్లో ఎందరి ఇళ్లకో గుంత తవ్వి, ఉప్పూ బొగ్గులూ పోసి ఎర్త్ పూడ్చిన మనిషి ఆయన. తన ఇంటి ముందు మాత్రం కొలిమిగుండ్ల వైపు నుంచి తెప్పించిన నాపబండలు పరిచి ఉన్నాయి. ఒక బండ లేపాలి. అందుకు మనసు రాక, పొయ్యి నుంచి ఒక పచ్చ తీగను కిటికీలోంచి లాగి, బయటి గోడకున్న వీధి కొళాయికి చుట్టేశాడు. ఇనుప గొట్టం భూమిలోకి పోతుంది కదా, అదే ఎర్త్ అన్నాడు. జివ్వుమనడం ఆగింది. ఈ పండగ పోనీ, బండ లేపుతానన్నాడు. రెండు పండగలు పోయాయి.

ఎనభై మూడులో ఆ వీధిలో తుప్పు పట్టిన గొట్టాలు తీసేసి ప్లాస్టిక్ గొట్టాలు వేశారు. గోడకున్న కొళాయిని, దాని కింది మూరెడు ఇనుప ముక్కను అలాగే ఉంచారు. దానికిక భూమితో సంబంధం లేదు. పొయ్యిలోంచి దిగిన కరెంటు పోవడానికి దారి లేక ఆ కొళాయిలోనే కూర్చునేది. ఆ పని జరుగుతుంటే బావ అరుగు మీద కూర్చుని చూశాడు. ఆయనకు అర్థం కాలేదంటే నేను నమ్మను.

మొదట పసిగట్టింది ఎదురింటి గురవమ్మ. ఆమె, భర్త భీమన్న నల్లమల కింది పల్లె నుంచి వచ్చి కట్టెల డిపో పనిలో కుదిరినవాళ్లు. గురవమ్మ నోటికి అడ్డూ అదుపూ లేదు. ఒక సోమవారం, నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నప్పుడు, బావను నిలదీసింది.

“ఏందప్పా, మీ కొళాయి నన్ను గిల్లతాంది. అదీ ఆదివారం పూటే. మీ దేవునికి నా మీద ఏం కోపం?”

అందరం నవ్వాం. బావ నవ్వలేదు. లోపలికెళ్లి టెస్టర్ తెచ్చి కొళాయికి ఆనించి చూపించాడు. దీపం వెలగలేదు. పొయ్యి ఆపి ఉంటే ఎట్లా వెలుగుతుంది? ఏమీ లేదు, నీ చెయ్యే తిమ్మిరెక్కింటాది అన్నాడు. సుందరరాజు చూసి చెప్పాడంటే వీధికి అదే ఖాయం. ఆ తర్వాత గిల్లినా ఎవరూ నోరెత్తలేదు. వాతమేమోనని గురవమ్మ చేతికి ఆముదం రాసుకునేది.

ఆ డిసెంబరు ఇరవై మూడున నేను ఆళ్లగడ్డ నుంచి వచ్చి బస్సు దిగేసరికి మధ్యాహ్నమైంది. పొయ్యి పొద్దున్నుంచి ఆగకుండా కాలుతోంది. పొద్దున రావలసిన నీళ్లు రాలేదు, మూడు గంటలకు వస్తాయని కొళాయి కింద బిందెలు వరస పెట్టారు. ఆ సంగతి తెలియక, కాళ్లు కడుక్కుందామని కొళాయి తిప్పబోయాను. మోచేతి దాకా లాగి వదిలింది. కాళ్లకు చెప్పులుండబట్టి సరిపోయింది. అప్పుడు చూశాను పచ్చ తీగను. నాకు కరెంటు సంగతులు తెలియవు, కానీ ఆ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో చూడ్డానికి చదువు అక్కర్లేదు.

లోపలికెళ్లి, ఆడవాళ్లకు వినపడకుండా చెప్పాను.

“బావా, పొయ్యి ఆపు. కొళాయికి కరెంటొస్తాంది. ఎవరన్నా సచ్చిపోతారు.”

“ఇంగ మూడు డబ్బాలే ఉండాయి. ఇంతమంది ముందర నా పరువు తియ్యాకు. నీళ్లు మూడుకు గానీ రావులే.”

గడియారం చూశాను. రెండూ ఇరవై. ప్లగ్గు నా చేతికందే దూరంలోనే ఉంది. లాగేస్తే ఈయన మొహం గంటు పెట్టుకుంటాడు, పండగ పూట అక్క ఏడుస్తుంది అని ఊరుకున్నాను. పోనీ, వెళ్లి కొళాయి దగ్గర నిలబడదామనుకున్నాను. అంతలో అక్క కాఫీ తెచ్చి చేతికిచ్చింది.

కాఫీ సగం తాగానో లేదో, నీళ్లొచ్చినాయని వీధిలో ఎవరో కేకేశారు. వెంటనే బిందె బండల మీద పడి దొర్లిన చప్పుడు వినిపించింది. వరసలో మొదటి బిందె గురవమ్మది.

బావ మొదట పరిగెత్తింది ప్లగ్గు దగ్గరికి. దాన్ని పీకి, బయటికొచ్చి కొళాయి తీగ విప్పి, చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాతే తడి బండల మీద పడి ఉన్న మనిషి దగ్గర వంగాడు. రిక్షాలో తనే ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అప్పటికే ప్రాణం లేదు. గుండె ఆగిందన్నారు.

భీమన్న డిపో నుంచి వచ్చాడు. సాయంత్రం బావను పిలిచి అడిగాడు.

“కొళాయిలో ఏమన్నా ఉండాదేమో ఒకసారి చూడు రాజన్నా. అది గిల్లతాందని అంటాండె.”

బావ టెస్టర్ ఆనించాడు. వీధంతా ఆ చిన్న దీపం వైపే చూస్తోంది. ఏమీ లేదని చెప్పాడు. భీమన్న తలూపి లోపలికెళ్లిపోయాడు.

జనవరిలో బావ ఎవరూ అడక్కుండానే బండ లేపి, గుంత తవ్వి, ఎర్త్ పూడ్చాడు. ఆ పనికి ఒక పూట పట్టింది. ఆ తర్వాత ఆయన బతికిన ఆరేళ్లూ భీమన్న ఇంట్లో బల్బు మాడినా తానే వెళ్లేవాడు. అలాంటి మనిషి ఉండడని వీధి ఇప్పటికీ చెప్పుకుంటుంది. వింటే నాకు ఒళ్లు మండుతుంది, నా మీద నాకే ఎక్కువ మండుతుంది.

ఆ క్రిస్మస్ పొద్దున, గురవమ్మ పోయిన రెండో నాడు, అక్క ఎప్పటిలాగే వీధిలో పంచడానికి కేకు కోసింది. ఎదురింటికి మాత్రం తను వెళ్లలేక పళ్లెం నా చేతికిచ్చింది. భీమన్న గడపలో కూర్చుని ఉన్నాడు. పళ్లెం తీసుకుని పక్కన పెట్టాడు.

“మీ బావ ఉరికొచ్చి ఎత్తకుంటే ఆ పొద్దు దానికి దిక్కు గూడా లేదు మే. ఆయప్ప సల్లగుండాలని మీ దేవునికి చెప్పు.”

చెప్తానన్నాను. ఆ పూట చర్చిలో మోకాళ్లూని ఆ ఒక్క మాటే చెప్పాను.